మా అమ్మ మస్కట్ వెళ్ళలేదు

మా అమ్మ మస్కట్ వెళ్ళలేదు. మస్కటే కాదు, దుబాయీ వెళ్ళలేదు, కువైటూ వెళ్ళలేదు. ఆవిడ తన జన్మలో చూసిన అతి దూరపు ఊరు రాజమండ్రి, అదీ కంట్లో పొర తీయించుకోవడానికి. ఈ సంగతి ఒకరికి చెప్పి ఒప్పించాల్సిన అగత్యం ఈ వయసులో నాకు పడుతుందని అనుకోలేదు. మొన్నామధ్య మా నవీన్ అమలాపురంలో మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, సంచిలోంచి ఒక దళసరి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. నవీన్ మా పెద్దనాన్నగారి మనవడు, నాకు వరసకి మేనల్లుడు. రాజోలు అవతల, గోదావరి గట్టు పక్కన కొబ్బరితోటలో, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళ కోసం కాటేజీలు కట్టాడు. వాటితోపాటు ఒక భోజనశాల కూడా తెరుస్తున్నాడట, వైను పోయడానికి అనుమతులన్నీ తెచ్చుకున్నాడట. అక్కడ బల్లల మీద పెట్టే కార్డు అది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. కాఫీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ చదివాను.

కార్డు పైన "సోల్దాగారి బల్ల" అని బంగారు అక్షరాలు. వాటి కింద మా పెద్దనాన్నగారి ఫోటో, సైన్యం టోపీతో, నున్నటి గడ్డంతో. లోపల ఎడంపక్క వంటకాలు, కుడిపక్క వాటికి తగిన వైన్లు. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ఎక్కువ చోటు తీసుకుని, మస్కదే అనే ఫ్రెంచి తెల్ల వైను. దానికి ఎదురుగా వరసగా అరిటాకులో ఆవిరికి ఉడికిన పండుగొప్ప చేప, ఉప్పునీళ్ళ పీత, నేతిలో మిరియాల రొయ్యలు, కొబ్బరిపాలలో ఆల్చిప్పలు. ఒక్కొక్క పేరూ చదువుతుంటే మా పాత వంటింటి పొగ ముక్కుకి తగిలింది. అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్నది ఇది: ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన మా తాతగారు తన అపురూపమైన నాలుకతో ఈ జతలన్నీ కనిపెట్టి తన పుస్తకంలో రాసుకున్నారు, గల్ఫ్‌లో వంటపని నేర్చి వచ్చిన మస్కట్ వీరవేణి ఆయనకు సాయంగా ఉండేది. వీరవేణి మా అమ్మ. సాయంగా ఉండేదట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా అమ్మ మస్కట్ వెళ్ళిందని నీకెవరు చెప్పార్రా?" అన్నాను.

"అందరూ అంటారు కదత్తా," అన్నాడు వాడు, ఆశ్చర్యంగా. "మా నాన్నగారు కూడా మస్కట్ పిన్ని అనే అనేవారు. మన వైపు ఏ ఊళ్ళో చూసినా ఒక మస్కట్ నాగమణో, కువైట్ సత్యవతో ఉంటారు. వెళ్ళొచ్చినోళ్ళనే కదా అలా పిలిచేది?"

వాడి లెక్క తప్పు కాదు. అదే నాకు ఇంకా మండింది. కోనసీమలో పుట్టి పెరిగినవాడు ఎవడైనా అలాగే అనుకుంటాడు. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. కార్డు బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాను. వాడు మాత్రం ఆదివారం మధ్యాహ్నం ప్రారంభ విందు ఉందనీ, రచయిత్రిని కాబట్టి వాళ్ళ తాతగారి గురించి నాలుగు మంచి మాటలు మాట్లాడాలనీ అడిగి, నేను వస్తాననగానే సంతోషంగా వెళ్ళిపోయాడు. సంతోషించదగ్గ మొహం నేను పెట్టలేదు, వాడు చూసుకోలేదు.

మా పెద్దనాన్నగారిని ఊళ్ళో అందరూ సోల్దాగారు అనేవారు. ఫ్రెంచి భాషలో సోల్దా అంటే సిపాయి. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో ఆయన అక్కడ మేనమామ ఇంట్లో పెరిగి, వాళ్ళ సైన్యంలో చేరి, ఏవేవో దేశాల్లో తుపాకీ మోసి, చివరికి పింఛనుతో ఎదుర్లంక దగ్గర మా ఇంటికి వచ్చి పడ్డారు. భార్య అప్పటికే పోయింది, కొడుకు కాకినాడ హాస్టల్లో ఉండేవాడు. ఆయన లేచిన వేళకే ఇల్లు లేచేది, ఆయన తిన్నాకే ఇల్లు తినేది. తెల్లారితే వీధి గదిలోంచి గడ్డం సబ్బు వాసన, బూట్ల పాలిష్ వాసన, యానాం నుంచి గోదావరి దాటించే పంటు మీద దిగిన రొట్టె వాసన. పెరటివైపు పేడ, నానిన కొబ్బరి పీచు, పొట్టు పొయ్యి. ఈ రెంటికీ మధ్య నడవాలో మా నాన్న నిలబడి ఉండేవాడు. నిలబడి అని ఊరికే అనడం లేదు. కొబ్బరికాయల దింపూ వలుపూ అన్నీ తనే చూసుకునే మనిషి, అన్నగారి ముందు కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు.

మా అమ్మ కల్లుగీసే ఇంటి పిల్ల. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, పొద్దునా సాయంత్రం తాళ్ళెక్కేవాడు. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో, ఎంతసేపటికి పులుస్తుందో, కుండ కడిగిందో కడగందో అమ్మ వాసన చూసి చెప్పేది. దాన్ని మా ఇంట్లో ఎవరూ విద్య అనుకోలేదు, పుట్టింటి వాసన పోలేదని మాత్రం అనేవారు. ఆ మాటకొస్తే పెద్దనాన్నగారి తండ్రి కూడా తాడెక్కినవాడే. ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆరు నెలలకోసారి పాండిచేరి నుంచి పెద్దనాన్నగారికి ఒక చెక్కపెట్టె వచ్చేది. ఎండుగడ్డిలో పొదిగిన సన్నటి సీసాలు. ఆదివారం పొద్దున అమ్మ ఒక సీసాకి తాడు కట్టి, చేదలో పెట్టి నూతిలోకి దింపేది. భోజనం వేళకి లాగితే దానికి చెమట పట్టి ఉండేది. మొదటి పెట్టె వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రేవు నుంచి దాన్ని నెత్తిన మోసుకొచ్చిన కళాసీ అరుగు మీద దించి, తలపాగా విప్పుకుంటూ అడిగాడు.

"ఏ ఊరు సరుకండి ఇది?"

"మస్కదే," అన్నారు పెద్దనాన్నగారు, సీసా మీది పేరు చూపించి.

"మస్కట్‌దా అండీ?"

"మస్కట్ కాదోయ్. మస్కదే!"

"ఆయ్. అదేనండి. మస్కట్‌దే."

ఆ రోజుల్లోనే మా వైపు కుర్రాళ్ళు మస్కట్ వెళ్ళడం మొదలైంది. అక్కడినుంచి సెంటు సీసాలు, టేప్ రికార్డర్లు, పులిబొమ్మ దుప్పట్లు దిగుతుండేవి. అందుచేత ఊళ్ళోకి వచ్చిన పరదేశపు వస్తువు ఏదైనా మస్కట్‌దే. పెద్దనాన్నగారు నాలుగైదుసార్లు దిద్ది, విసిగి వదిలేశారు. వీధిలో పెట్టె కనపడితే "సోల్దాగారికి మస్కట్‌ది దిగింది" అనేవారు. పెద్దనాన్నగారు నవ్వేవారు, అందరం నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మొదటి ఆదివారం అమ్మ తనకి చేతనైన గొప్ప వంట చేసింది. చింతపండు చిక్కగా పిసికి, కారం దట్టించి, బొమ్మిడాయిల పులుసు. పెద్దనాన్నగారు ఒక ముద్ద తిన్నారు, ఒక గుక్క తాగారు, కంచం పక్కకి నెట్టేశారు. "దీన్ని చంపేసేవు కదమ్మా," అన్నారు, సీసా వైపు చూసి జాలిపడుతూ. పోనీ ఏం వండాలో చెప్పారా అంటే, లేదు. ఆయనకు ఏది నప్పలేదో మాత్రమే తెలుసు, ఏది నప్పుతుందో తెలీదు. సైన్యంలో ఎవరో వండి పెట్టింది తిన్న మనిషి. రెండో ఆదివారం వేపుడు చేస్తే, ఇదీ కాదు. మూడో ఆదివారం దప్పళం పెట్టి, చేప వేయించి పెడితే, అసలే కాదు. మా నాన్న రాత్రి అమ్మని కేకలేశాడు, అన్నయ్యకి ఒక్క పూట సరిగ్గా వండిపెట్టలేవా అని.

ఆ మర్నాడు కాదు, ఆ తర్వాత ఆదివారం, పెరట్లో అరటిమొక్కల దగ్గర అంట్లు తోముతూ అమ్మ పెద్దనాన్నగారి గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. అడుగున నాలుగు చుక్కలున్నాయి. వాటిని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. నేను బూడిదా, కొబ్బరి పీచూ పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ఎలాగుందమ్మా?" అన్నాను.

"ఈ సీసాలోనే నిమ్మకాయుందే అమ్మడూ," అంది. "మనం మళ్ళీ చింతపండెడితే రెండు పులుపులూ కొట్టుకు చస్తాయి. మనది మానెయ్యాలి."

అక్కడ మొదలైంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ నాలుగు చుక్కలే ఆవిడకి పాఠం. కూరలో ముక్క ఒకటి దాచుకుని, అంట్ల దగ్గర అది నమిలి, ఆ చుక్క వేసుకుని చూసేది. కారం తగిలితే వైను చేదెక్కుతుందని తెలుసుకుంది. ఉప్పు తగిలితే దాని పులుపు తగ్గి తియ్యబడుతుందని తెలుసుకుంది. పండుగొప్పకి ఉప్పూ పసుపూ రాసి, అరిటాకులో చుట్టి ఆవిరికి పెట్టేది. పచ్చిమిరపకాయని వాసన కోసం పక్కన పడేసి, వడ్డించే ముందు తీసేసేది. పీతని మసాలా లేకుండా ఉత్త ఉప్పునీళ్ళలో ఉడికించేది, మా ఊళ్ళో అలా ఎవరైనా చేస్తే అత్తగారు పుట్టింటికి పంపేసేది. ఆల్చిప్పలు సున్నం కాల్చుకునేవాళ్ళ దగ్గరనుంచి తెప్పించింది. మొదట కొబ్బరి చిక్కటి పాలు పోసి చూసి, ఆ జిడ్డు నాలుక మీద పరుచుకుంటే వైను పైనుంచి జారిపోతోందని, రెండోసారి తీసిన పల్చటి పాలకి మారింది. అల్లం, వెల్లుల్లి, గరం మసాలా అన్నీ ఒకటొకటిగా అటక ఎక్కాయి. ఒక రాజ్యం కట్టినంత పని, నాలుగు చుక్కల మీద కట్టింది.

పెద్దనాన్నగారు మీసం దువ్వుకుంటూ తినేవారు. తిన్నాక వీధి గదిలోకి వెళ్ళి, నల్ల అట్ట పుస్తకంలో ఫ్రెంచిలో రాసుకునేవారు, ఏ వంటకం, దాన్ని ఎలా వండారు, వైనుతో ఎలా కుదిరింది. యానాం నుంచి, కొత్తపేట నుంచి స్నేహితులు ఆదివారాలు రావడం మొదలైంది. "సోల్దాగారి బల్ల మీద తినాలండి," అనేవారు. ఆ పుస్తకమే ఇప్పుడు నవీన్ ఎవరిచేతో తర్జుమా చేయించాడు. అందులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అమ్మ పేరు ఒక్కచోట లేదు. నేను అడిగి తెలుసుకున్నాను.

అమ్మ ఆ బల్లకి వండిన చివరి ఆదివారం సంగతికి వస్తాను. యానాంలో ఫ్రెంచి పాఠాలు చెప్పి విరమించిన మేష్టారొకాయన భోజనానికి వచ్చారు. మెత్తటి మనిషి. పెద్దనాన్నగారూ ఆయనా బల్ల దగ్గర, మా నాన్న వడ్డిస్తూ, అమ్మ వంటింటి తలుపు వెనక. నేను ఏడో క్లాసు చదువుతున్నాను. మేష్టారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అన్నారు.

"దీంట్లో ఏదో రొట్టె వాసన తగుల్తోంది, చూసేరాండి? పులిసిన పిండి వాసన. ఎంచేతంటారు?"

"నేల గుణమండి," అన్నారు పెద్దనాన్నగారు. "ఫ్రాన్సు నేలండి అది."

తలుపు వెనకనుంచి అమ్మ గొంతు వినపడింది. ఆపుకోలేకపోయింది పాపం. "నేల కాదేమోనండి బావగారూ. వడకట్టకుండా మడ్డి మీదే నిలవుంచినట్టున్నారండి. మా నాన్న కల్లు అలాగుంచితే అదే రుచొస్తాదండి."

మేష్టారు కళ్ళజోడు సర్దుకుని సీసా తిప్పి చూశారు. పేరు కింద చిన్న అక్షరాలు వేలితో వెతికి, బల్ల మీద చరిచారు. "సుర్ లీ! ఇదిగో, రాసే ఉందండి. మడ్డి మీద అనే దీనర్థం. ఇన్నేళ్ళు ఫ్రెంచి చెప్పి నేను చూసుకోలేదు. ఎంత బాగా పట్టేరమ్మా! మీ మరదలుగారు మామూలు మనిషి కాదండి సోల్దాగారూ!"

తలుపు సందులోంచి అమ్మ మొహం కనపడింది నాకు. బయటివాళ్ళ నోట మెప్పు విని ఆవిడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే. పెద్దనాన్నగారు నవ్వలేదు. గ్లాసు నెమ్మదిగా కింద పెట్టారు. రుచి అంది కదా, వాసన అనలేదు. రుచి ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది? ఆయన అమ్మని అడగలేదు. నన్ను పిలిచి అడిగారు. గ్లాసులు తోమేటప్పుడు మీరు వదిలేసిన చుక్కలు నాలుక మీద వేసుకుంటుంది, పెద్దనాన్నగారూ, అని నేను చెప్పాను.

తెలుగు పుట్టుక పుట్టినవాళ్ళకి ఇక్కడ నేను విప్పి చెప్పాల్సింది లేదు. ఆడది సారా ముట్టుకోవడం ఒక ఎత్తు. బావగారి ఎంగిలి! మొగుడి ఎంగిలి కంచంలో తింటే పతివ్రత. మొగుడి అన్నగారు పెదవి ఆనించిన గ్లాసులో చుక్క నాలుకకి తగిలితే ఆవిడ ఏమిటి? ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అందరి మొహాల మీదా ఉంది. పెద్దనాన్నగారు లేచి చెయ్యి కడుక్కుని, "ఇంక ఆ చేత్తో నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దు," అన్నారు. మా నాన్న చేతిలో గరిటె పట్టుకుని నేల చూశాడు. "అన్నయ్యా, నీకు ఈ తిండి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?" అని ఒక్క మాట అడిగి ఉంటే నేను ఆయన్ని జీవితాంతం నెత్తిన పెట్టుకునేదాన్ని. అడగలేదు. మేష్టారు మాత్రం గాభరాగా, "అయ్యో, దాందేముందండి, రుచి చూడకుండా వంటేమిటండి," అన్నారు. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు.

వారం తిరక్కుండా సంగతి రేవు దాటింది. ఎంగిలి మాట నోటితో అనడానికి ఊళ్ళో ఆడవాళ్ళకి నోరాడలేదు, అందుకని "మస్కట్‌ది తాగిందంట" అన్నారు. మస్కట్‌ది తాగిన వీరవేణి కొన్నాళ్ళకి మస్కట్ వీరవేణి అయింది. బియ్యం కొట్టులో, నీళ్ళ రేవులో, నా బడిలో. పెద్దనాన్నగారికి ఒక వంటవాణ్ణి పెట్టారు. వాడు మళ్ళీ చింతపండు పులుసే పెట్టాడు. పెద్దనాన్నగారు నోరు మూసుకుని తిన్నారు, సీసాతో పాటు తిన్నారు, బాగుందని కూడా అన్నారు. అది నేను ఎన్నటికీ క్షమించను. ఆ నాలుకకి ఏమీ తెలియదని ఆయనకీ తెలుసు.

అమ్మ ఆ తర్వాత వంట మా ముగ్గురికే చేసింది. కానీ ఇంక ఏదీ రుచి చూసేది కాదు. ఉప్పు చాలిందో లేదో గరిటెతో చేతిలో వేసుకుని చూడడం కూడా మానేసింది. "అమ్మడూ, ఉప్పు చూడు," అని నన్ను పిలిచేది. నేను కాలేజీకి వెళ్ళాక చూసేవాళ్ళు లేరు, ఒక్కోరోజు కూర ఉప్పు కషాయంలా ఉండేది, నాన్న కుక్కిన పేనులా తినేసేవాడు. నాలుగు చుక్కల మీద రాజ్యం కట్టిన మనిషి పప్పులో ఉప్పు తెలీకుండా ఇరవయ్యేళ్ళకి పైగా వండి, అలాగే పోయింది.

ఇంకొకటి ఉంది, అది రాయడానికే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. కాలం మారి, మా వైపునుంచి ఆడవాళ్ళు గల్ఫ్‌కి వెళ్ళడం ఇంటింటి మాట అయ్యాక, ఆ పేరుకి అర్థం దానంతటదే మారిపోయింది. బస్సులో ఎవరో ఒకావిడ, "మస్కట్ నుంచి ఎప్పుడొచ్చేరండి?" అని అడిగితే, అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆయ్, చాలా కాలమైందండి," అంది. నేను పక్కనే ఉన్నాను. తర్వాత అలా చాలామందికి చెప్పింది. అక్కడ ఎండలెక్కువంటగా అంటే, అవునండి అంది. తాగిందన్న మాటకంటే దేశం కాని దేశంలో అంట్లు తోమిందన్న మాట ఆవిడకి గౌరవంగా తోచింది. చెయ్యని చాకిరీ వెనక దాక్కుంది మా అమ్మ. అందుకే నవీన్ ఇచ్చిన కార్డు పట్టుకుని నాలుగు రోజులు తన్నుకులాడాను. నిజం చెబితే ఆవిడ కప్పుకున్నది నేను లాగేసినట్టవుతుంది. ఊరుకుంటే సోల్దాగారి అపురూపమైన నాలుక శాశ్వతంగా అచ్చులో ఉండిపోతుంది. చివరికి, సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు కదా అనుకున్నాను. ఎవరు సిగ్గుపడాలో వాళ్ళ పేర్లు చెబుదాం అనుకుని బయల్దేరాను.

విందు వైభవంగా జరిగింది. హైదరాబాదు నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించాడు నవీన్, వైన్ల గురించి చెప్పడానికి. ఆ అబ్బాయి గ్లాసు తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కన ఇత్తడి గిన్నెలో ఉమ్మేశాడు. అందరూ భక్తిగా చూశారు. ఉప్పు పులుపుని మెత్తబరుస్తుంది, కారం చేదుని రెచ్చగొడుతుంది, చింతపండుతో పోటీ పెట్టకూడదు అన్నాడు ఇంగ్లీషులో. అక్షరం పొల్లుపోకుండా మా అరటిమొక్కల దగ్గర మాటలు. రుచి చూసి ఉమ్మడం ఉద్యోగమట, దానికి చదువుందట, పరీక్షలున్నాయట. ముందు వరసలో మా అమ్మ వయసు ఆడవాళ్ళు, అంటే ఆవిడ అప్పటి వయసు, గ్లాసు కాడ పట్టుకుని చక్కగా తాగుతున్నారు, పక్కనే మొగుళ్ళు ఫోటోలు తీస్తున్నారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు, హాయిగా తాగనీ. ఇంత సులువైన పని ఒక మనిషి బతుకుని ఎందుకు తినేసిందన్నదే నా కోపం. ఆ కోపంతోనే మైకు అందుకున్నాను.

అంతా చెప్పాను. బొమ్మిడాయిల పులుసు నుంచి మడ్డి దాకా, ఎంగిలి దాకా, మస్కట్ దాకా. మా పెద్దనాన్నగారికి నాలుక లేదని చెప్పాను, మా నాన్నకి నోరు లేదని చెప్పాను. నేను చిన్నదాన్ని, పెద్దనాన్నగారంటే హడలు, భయపడి నిజం చెప్పేశాను అని కూడా చెప్పాను. ఎవరో ఏడ్చారు. తర్వాత అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేను చప్పట్ల కోసం చెప్పలేదు, వాళ్ళ గొంతులో ముద్ద దిగకూడదని చెప్పాను. ముద్ద బాగానే దిగింది, పీతలు రెండోసారి తెప్పించుకున్నారు.

నవీన్ పరిగెత్తుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి కళ్ళు తడిగానే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు.

"అత్తా, ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి? తాతగారి గురించి వేసింది తీసేస్తాను. చిన్న నాయనమ్మగారి కథే వేద్దాం కార్డు మీద. వచ్చినోళ్ళు చదివి కదిలిపోతారత్తా."

"వెయ్యి. ఎవరు చెప్పి పట్టించారో కూడా వెయ్యి. కూతురు చెప్పిందని వెయ్యి."

"అదెందుకత్తా? బాగోదు."

"బాగోదనే వెయ్యమంటున్నాను."

"సరే, చూస్తానండి," అన్నాడు. కోపమొస్తే వాడికీ అండీలు వచ్చేస్తాయి, మా ఇంటి అలవాటు.

కొత్త కార్డు నిన్న వచ్చింది. అమ్మ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. మస్కట్ తీసేశాడు. మడ్డి మాట ఉంది, మేష్టారి మాట ఉంది. చివర మాత్రం, "అమాయకురాలైన పసిపిల్ల నోట పొరపాటున బయటపడడంతో" అని రాయించాడు. పసిపిల్ల, పొరపాటు. నా మీద దయతో రాశాడు, తెలుసు. ఆ దయ చూసి నాకు వాడి మీదకంటే నా మీద ఎక్కువ మండింది, ఎందుకంటే ఆ దారి వాడికి చూపించింది నేనే. మైకు ముందు నిలబడి, అందర్నీ పేరుపేరునా కడిగేసి, నా దగ్గరికి వచ్చేసరికి భయపడ్డాను అన్నాను.

భయం కాదు. పెద్దనాన్నగారు ఆ రోజు గొంతు పెంచలేదు, కళ్ళెర్రజెయ్యలేదు. నన్ను పిలిచి, మేష్టారి ఎదురుగా తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. మా నాన్న ఎప్పుడూ కూర్చోని కుర్చీ. తల మీద చెయ్యి వేసి, "దీనికి తెలీనిది లేదండి మా ఇంట్లో," అని మేష్టారికి చెప్పి, అప్పుడు అడిగారు. నాకు ఒళ్ళంతా గర్వంగా ఉంది. తలుపు దగ్గర అమ్మ నాకేసి చూస్తూ, వద్దని తల అడ్డంగా ఊపుతోంది. నేను చూశాను. చూసే చెప్పాను.